తోట ఇంటికి సోలార్ బ్యాటరీ: మళ్ళీ ట్యూబులర్ కొనాలా, లిథియానికి మారాలా?

చీనీతోట_అమ్మాయి:
మాది అనంతపురం జిల్లా. నాన్నకు డెబ్బై ఏళ్లు. నాలుగెకరాల చీనీ తోటలోనే రేకుల గది వేసుకుని ఉంటారు, రాత్రి ఊళ్లోకి రారు. పంపుసెట్ల లైన్‌లో కరెంటు పగలు 9 గంటలే, చీకటి పడితే మాకు సోలారే దిక్కు. పాములు, అడవి పందుల భయం ఉంది కాబట్టి బయట రెండు బల్బులు తెల్లవార్లూ వెలగాలి. పోయినేడు స్టార్టర్ బాక్సు, కేబులు ఎత్తుకుపోయారు. అప్పటి నుంచి మూడు కెమెరాలు కూడా పెట్టాం.

335 వాట్ల ప్యానెల్ ఒకటి, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీలు (నీళ్లు పోసే సీసం రకం) రెండు, 24 వోల్టుల ఇన్వర్టర్. పెట్టించి రెండున్నరేళ్లయింది. ఈ వేసవి నుంచి రాత్రి ఒంటిగంటకల్లా ఫ్యాన్ ఆగిపోతోంది. నాన్న ఆరుబయట మంచం వేసుకుని పడుకుంటున్నారు, నాకు బెంగళూరులో నిద్ర పట్టదు. షాపులో అడిగితే బ్యాటరీలు పోయాయి, మార్చేయమన్నారు. ట్యూబులర్లు రెండూ కలిపి 32 వేలు, లిథియం అయితే 48 వేలు చెప్పారు. బెంగళూరులో మా ఇంటి ఇన్వర్టర్‌కు అదే కంపెనీ బ్యాటరీ ఆరేళ్ల నుంచి బాగానే ఉంది. తోటలో ఎందుకు ఇంత తొందరగా పోయింది? ఏది కొనమంటారు?

బ్యాటరీ_సర్వీస్_కడప:
అమ్మా, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నా. కొత్తది కొనే ముందు పాతవి ఎందుకు పోయాయో తెలుసుకోవాలి. లేకపోతే ఆ 48 వేలు కూడా అదే దారిన పోతాయి.

ముందు బెంగళూరు సంగతి. అక్కడ కరెంటు పోయినప్పుడే బ్యాటరీ పని చేస్తుంది, నెలకు నాలుగైదు సార్లేమో. తోటలో అది రోజూ రాత్రి దిగి, పగలు ఎక్కాలి. అంటే ఏడాదికి 365 సార్లు. సగం వరకే వాడుకుంటూ వస్తే మంచి ట్యూబులర్ సుమారు 1200 నుంచి 1500 సార్లు వస్తుంది, అంటే మూడు నాలుగేళ్లు. మీది అంతకంటే ముందే పోయింది. నేను చూసినంతలో వయసైపోయి చచ్చే బ్యాటరీలు తక్కువ, కడుపు నిండక చచ్చేవే ఎక్కువ.

మీ ఖర్చు లెక్క వేద్దాం. కెమెరాలు, వాటి బాక్సు కలిపి 25 వాట్లనుకుంటే రోజంతా 600 వాట్-అవర్లు. బయటి బల్బులు 9 వాట్లవైతే పన్నెండు గంటలకు 216. పాత సీలింగ్ ఫ్యాన్ 70 వాట్లు, తొమ్మిది గంటలకు 630. టీవీకి ఒక 80 వేసుకోండి. అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా 20 వాట్ల దాకా తింటుంది, రోజుకు 480. అన్నీ కలిపితే సుమారు 2000 వాట్-అవర్లు, అంటే రెండు యూనిట్లు.

ఇప్పుడు రాబడి చూడండి. 335 వాట్ల ప్యానెల్‌కు మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి ఎక్కించే పెట్టెలో సాదా రకం) ఉంటే ఎండ మండిపోతున్నా 9 ఆంపియర్లు దాటదు. 150 ఏహెచ్ ట్యూబులర్‌కు అందులో పదో వంతు, అంటే 15 ఆంపియర్లు ఎక్కితేనే ఆరోగ్యం. మీకు ఎక్కేది రోజుకు యూనిట్ పైన కాస్త, పోయేది రెండు. రోజూ అరకడుపుతో ఉంటే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఎండ ఉన్నా ఎక్కదు. మీ బ్యాటరీల సైజులో తప్పు లేదు. రాత్రి వాడకం ఒకటిన్నర యూనిట్, ఆ జతలో సగం 1.8 యూనిట్లు. ప్యానెలే చాలలేదు.

మూడు పనులు చేయండి. బ్యాటరీ స్టిక్కర్ మీద సీ10 అని ఉందా, సీ20 అని ఉందా చూడండి, ఎన్ని గంటల్లో ఖాళీ చేస్తే ఆ ఏహెచ్ వస్తుందో చెప్పే గుర్తు అది. సీ20 అయితే అది ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ, సోలార్‌కని చేసినది కాదు. మధ్యాహ్నం పన్నెండుకు క్లాంప్ మీటర్‌తో (వైర్ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ప్యానెల్ వైర్ మీద ఆంపియర్లు చూపించండి. నీళ్లు ఏవి పోస్తున్నారో నాన్నగారిని అడగండి.

ఖమ్మం_రైతు:
మాది ఖమ్మం దగ్గర. రెండేళ్ల క్రితం లిథియానికి మారాను. బరువు లేదు, నీళ్ల బాధ లేదు, చాలా సంతోషం. ఒక్కటి మాత్రం జాగ్రత్త. మొదటి నెలలో మిట్టమధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడే ఇంట్లో అన్నీ ఆరిపోయేవి. వారం రోజులు ఎవరికీ అర్థం కాలేదు. బిగించినతను కంట్రోలర్‌ను ట్యూబులర్ సెట్టింగ్‌లోనే వదిలేసి వెళ్లాడు. అది ఈక్వలైజ్ (సీసం బ్యాటరీకి అప్పుడప్పుడు ఇచ్చే ఎక్కువ వోల్టేజ్ ఛార్జింగ్) అంటూ వోల్టేజ్ పెంచగానే లిథియం బ్యాటరీ లోపలున్న బీఎంఎస్ (రక్షణ సర్క్యూట్) బ్యాటరీని కాపాడటానికి కనెక్షన్ తెంచేస్తోంది. సెట్టింగ్ మార్చాక మళ్ళీ ఆగలేదు. బిగించేవాళ్ల ఎదురుగా నిలబడి ఆ సెట్టింగ్ చూసుకోండి.

చీనీతోట_అమ్మాయి:
అన్నా, శనివారం తోటకు వెళ్లి అన్నీ చూశాను. స్టిక్కర్ మీద సీ20 అనే ఉంది. పన్నెండున్నరకు మీటర్ 8.6 చూపించింది. మూత తీస్తే ఒక బ్యాటరీలో నీటిమట్టం చూపే ఫ్లోట్‌లు మూడు అడుగుకు దిగిపోయి ఉన్నాయి, టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి పేరుకుపోయింది, చెయ్యి పెడితే కాలింది. నాన్న బోరు నీళ్లు పోశారట. "డిస్టిల్డ్ వాటర్ కోసం ఊళ్లోకి ఎవరు పోతార్లే" అన్నారు. ఆయనను ఏమీ అనలేకపోయాను, పెట్టిన రోజే నేను చెప్పి ఉండాల్సింది.

బ్యాటరీ_సర్వీస్_కడప:
బోరు నీళ్లలో ఉప్పు, ఇనుము ఉంటాయి తల్లీ. అవి లోపలికి పోతే ఆ బ్యాటరీ ఇక బాగుపడదు. పాతవి ఊరికే ఇచ్చేయొద్దు, సీసం విలువ ఉంటుంది, ఎక్స్ఛేంజ్‌లో తగ్గించమనండి.

మీ ఇంటి పరిస్థితికి నేను లిథియమే చెప్తాను. ఒంటరిగా ఉండే పెద్దాయన, నెల నెలా నీళ్లు చూసుకోవడం కష్టం. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం అడగండి, 25.6 వోల్టులు, 100 ఏహెచ్. అందులో 2.5 యూనిట్లు, ఎనభై శాతం వాడుకున్నా రెండు వస్తాయి. మీ ఇన్వర్టర్‌కు లిథియం మోడ్ ఉందో లేదో ముందే చూడాలి. పక్కనే చూసుకునే మనిషి ఉంటే సీ10 ట్యూబులరే చాలనేవాణ్ణి. అది చెడితే ఏ ఊళ్లోనైనా చూస్తారు, లిథియంలో బీఎంఎస్ పోతే కంపెనీకి పంపాల్సిందే. అందుకే వారంటీ కార్డు మీద సీలు, తేదీ వేయించుకోండి.

అయితే ముందు ప్యానెళ్లు. 540 వాట్లవి రెండు, ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ పవర్‌ను వృథా కానివ్వకుండా ఎక్కించే రకం). మన ఎండకు రోజుకు మూడున్నర యూనిట్ల పైనే వస్తుంది, ముసురు పట్టిన రోజు ఒక యూనిట్ అయినా దక్కుతుంది. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తినే మోటారుది) పెట్టండి, రాత్రికి 360 వాట్-అవర్లు మిగులుతాయి.

బ్యాటరీని రేకుల కింద పెట్టొద్దు. సీసం బ్యాటరీకి 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సుమారు సగమవుతుందంటారు. లిథియానికి కూడా వేడి పడదు. గదికి ఉత్తరం వైపు చిన్న కప్పు వేసి గాలి ఆడేలా పెట్టించండి.

చీనీతోట_అమ్మాయి:
ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ ఉందన్నా, మాన్యువల్‌లో చూశాను. ఈ నెల ప్యానెళ్లు, ఫ్యాన్. వచ్చే నెల జీతం రాగానే బ్యాటరీ. అంతవరకు నాన్నకు రీఛార్జ్ లైట్లు రెండు ఇచ్చి వచ్చాను. ఫ్యూజ్ ఎక్కడ వేయించాలి?

బ్యాటరీ_సర్వీస్_కడప:
బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే. డీసీ ఫ్యూజే అడగండి, ఇంట్లో వాడే ఏసీది పెట్టనివ్వొద్దు. బిగించే రోజు ఫొటోలు పెట్టండి, చూసి చెప్తా.