గంగమ్మ జాతరకి ఏ లెన్స్? ఫ్లాష్ వాడాలా?

ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట): కొత్తగా కెమెరా కొన్నా, దాంతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్సే ఉంది. జాతరలో మా తమ్ముడు బైరాగి వేషం వేశాడు. చీకటి పడ్డాక సందులో కెమెరా ఫ్లాష్‌తో తీస్తే, నామం సుద్ద పూసిన మొహం సున్నం కొట్టిన గోడలా వచ్చింది. వెనకాలంతా చీకటి. మా అమ్మ "ఎవర్రా వీడు?" అంది. లెన్స్ మార్చాలా, ఫ్లాష్ కొనాలా?

జవాబు 1: 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తీసుకో తమ్ముడూ. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పుగా తెరుచుకుంటుంది. నీ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు. ఈ 50లో దాదాపు 10 రెట్లు వెలుతురు వస్తుంది. ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 1600 పెట్టి ఫ్లాష్ ఆపేయ్.

జవాబు 2: అన్నా, ఆ సందుల్లో 50తో కష్టం. నీలాంటి కెమెరాల్లో బొమ్మ పడే సెన్సర్ చిన్నది, దాని మీద అది 75, 80 ఎంఎంలా దగ్గరగా చూపిస్తుంది. గోడకి వీపు ఆనించినా మనిషి పూర్తిగా పట్టడు. 35 ఎంఎం మేలు, ఇంకాస్త వెడల్పుగా పడుతుంది.

జవాబు 3: కొనేముందు ఫ్లాష్ కాంపెన్సేషన్ (ఫ్లాష్ వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1 పెట్టి, షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 1/60 వంతుకి పెట్టి చూడు. సుద్ద తెలుపు కాస్త తగ్గుతుంది, వెనక సీరియల్ బల్బులూ పడతాయి. విడి ఫ్లాష్ కొంటే ఇంట్లో తెల్ల స్లాబు వైపు తిప్పు, వెలుగు దానికి తగిలి మెత్తగా కిందికి పడుతుంది. వీధిలో ఆకాశం వైపు తిప్పితే బ్యాటరీ దండగ. నేను తిప్పాను.

ప్రశ్న వేసినవాడు: ఇప్పుడే తమ్ముడి మొహానికి పౌడర్ కొట్టి, మైనస్ 1లో తీశా. అమ్మ గుర్తుపట్టింది!