కిరాయిదార్లకు వైఫై పాస్‌వర్డ్ ఇస్తే రేపు మా మీదికి వస్తుందా?

ప్రశ్న (నయీంనగర్, హన్మకొండ):
అన్నలూ, మా మీది అంతస్తులో కోచింగ్ పిల్లలు కిరాయికి ఉంటారు. నెట్ మా ఆయన పేరు మీద ఉంది, పాస్‌వర్డ్ వాళ్లకూ ఇచ్చాం. మొన్న ఆన్‌లైన్ గేమ్‌లో మా బాబుతో గొడవపడ్డవాడెవడో "నీ ఐపీ అడ్రస్ దొరికింది, ఇంటికొస్తా" అని మెసేజ్ పెట్టాడు, అప్పటి నుంచి పిల్లాడు సరిగా అన్నం కూడా తినడం లేదు. నిజంగా ఇల్లు దొరుకుతుందా? పైవాళ్లు తప్పు చేస్తే పోలీసులు మా దగ్గరికే వస్తారా?

జవాబు (కాజీపేట, నెట్ కనెక్షన్ల పని చేస్తా):
అక్కా, ముందు బాబుకు ధైర్యం చెప్పండి. ఉత్త ఐపీ (నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరు) పట్టుకుని బయటివాడు ఇంటికి రాలేడు, లొకేషన్ సైట్లో వేసి చూస్తే ఊరు కూడా చాలాసార్లు తప్పే వస్తుంది, ఇక్కడి కనెక్షన్లకు హైదరాబాద్ అని చూపించడం మామూలే. ఐపీవీ4 అనే పాత రకం ఐపీ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే కాబట్టి కంపెనీలు ఒకే అడ్రస్ మీద ఎన్నో ఇళ్లను నడిపిస్తాయి, దాన్నే సీజీనాట్ అంటాం. ఫలానా టైముకు, ఫలానా పోర్ట్ నంబరు (ఒకే అడ్రస్ మీద ఉన్న ఇళ్లను వేరు చేసే నంబరు) మీద ఉన్నది ఎవరి కనెక్షనో కంపెనీ రికార్డుల్లోనే తేలుతుంది. 2021 డిసెంబరులో నెట్ కంపెనీల లైసెన్సు నిబంధన మారాక ఆ రికార్డులు కనీసం 2 ఏళ్లు ఉంచాలి. పోలీసులు చట్టప్రకారం అడిగితే ఇస్తారు, గేమ్ ఆడేవాడు అడిగితే ఇవ్వరు.
ఇక రెండోది. అవును, ముందు మీ ఇంటికే వస్తారు. రికార్డులో ఉండేది కనెక్షన్ ఎవరిదో, ఫోన్ పట్టుకున్నది ఎవరో కాదు. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (పైవాళ్లకు వేరే పేరు, వేరే పాస్‌వర్డ్‌తో వైఫై) పెట్టండి.

జవాబు (సుబేదారి):
గెస్ట్ నెట్‌వర్క్ మంచిదే కానీ ఈ భయానికి అది మందు కాదు అన్నా. మీ కంప్యూటర్, సీసీ కెమెరాలు పైవాళ్లకు కనబడకుండా ఉంటాయి, అంతే, బయటికి వెళ్లే అడ్రస్ మాత్రం అదే. పిల్లలనే వాళ్ల పేరు మీద కనెక్షన్ తీసుకోమనండి అక్కా, నలుగురూ కలిసి కడితే భారం కూడా కాదు. బెదిరింపు మెసేజ్ డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్ తీసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

ప్రశ్న అడిగిన అక్క:
చాలా థ్యాంక్స్. మరి మేం చూసేవన్నీ కంపెనీకి తెలుస్తాయా? ఇన్‌కాగ్నిటోలో చూస్తే?

జవాబు (కాజీపేట):
ఇన్‌కాగ్నిటో మీ ఫోన్లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, కంపెనీకి తేడా లేదు. హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని రహస్య కోడ్‌లో పంపే పద్ధతి) ఉన్న సైటైతే దాని పేరు మామూలుగా మాకు తెలుస్తుంది, లోపల ఏం చదివారో, ఏం రాశారో తెలియదు. వీపీఎన్ (మీ నెట్‌ను రహస్య కోడ్‌లో ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా పంపేది) వేస్తే ఆ పేర్లు మాకు బదులు వీపీఎన్ వాడికి తెలుస్తాయి. 2022లో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ వివరాలు 5 ఏళ్లు ఉంచాలి, కాబట్టి ఫ్రీగా వస్తుందని ఏది పడితే అది వేసుకోకండి.