డర్బన్ వెళ్ళిన మా తాతయ్య వాళ్ళ పెదనాన్న వివరాలు ఎలా కనుక్కోవాలి?

అందరికీ నమస్కారం అండి. మా తాతయ్య వాళ్ళ పెదనాన్న 1900 తర్వాత చీపురుపల్లి దగ్గర ఊరి నుంచి మద్రాసు వెళ్ళి అక్కడ ఓడెక్కి దక్షిణాఫ్రికాలో నాటాల్‌కి (డర్బన్ ఉన్న ప్రాంతం) చెరకు తోటల పనికి కూలి ఒప్పందం మీద వెళ్ళారంట, ఆయన భార్య కూడా వెళ్ళింది, పిల్లలు అక్కడే పుట్టారు. ఇంట్లో మిగిలింది ఒక్క ఫొటో. ఆయన కోటు, తలపాగా, ఆవిడ ముక్కుకి పెద్ద నత్తు, ఇద్దరు మగపిల్లలు, వెనక పెన్సిల్‌తో డర్బన్ 1912 అని తెలుగులోనే రాసుంది.

ఐదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడాది నెలకి పది షిల్లింగులే జీతం, గడువయ్యాక అక్కడే ఉంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను, అది అక్కడి భారతీయ కూలీల 1913 సమ్మె తర్వాత 1914లో గానీ తీసెయ్యలేదు. అంత పన్ను ఆ కుటుంబం ఎలా కట్టిందో తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఓడ లిస్టుల్లో ప్రతి ఒక్కరికీ ఒక కలోనియల్ నంబర్ (ఒక్కో కూలీకి ఇచ్చిన గుర్తింపు సంఖ్య), తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసేవాళ్ళని తెలిసింది. నంబర్ తెలీకుండా తండ్రి పేరు, ఊరితో వెతకొచ్చా? డర్బన్ ఆర్కైవ్స్‌కి మెయిల్ పెడితే చూసి చెప్తారా, లేక అక్కడుండే తెలుగువాళ్ళెవరైనా స్వయంగా వెళ్ళి చూడాలా? డర్బన్ దగ్గరి టొంగాట్, స్టాంజర్, వెరులం ఊర్ల వైపు ఉంటూ మా వాళ్ళు విజయనగరం వైపు నుంచి వచ్చారు అని ఇంట్లో విన్నవాళ్ళు ఉంటే దయచేసి ఒక్క రిప్లై ఇవ్వండి, ఫొటో పంపిస్తాను. మా తాతయ్యకి తొంభై దాటాయి, ఆ పిల్లల సంతతి ఎవరైనా ఉన్నారేమోనని రోజూ అడుగుతున్నారు.