ఎయిర్ రైఫిల్ మీద స్కోప్ మౌంట్ వెనక్కి జారుతోంది, ఎంత బిగించినా ఆగడం లేదు

ప్రశ్న:
నమస్తే అందరికీ. నాది బారెల్ మడిచి కాక్ చేసే, అంటే లోపలి స్ప్రింగ్‌ని నొక్కి పట్టి ఉంచే స్ప్రింగ్ పిస్టన్ ఎయిర్ రైఫిల్, 4.5 మి.మీ. పెల్లెట్. పైన 11 మి.మీ. గాడి ఉంది, దాని మీద రెండు విడి రింగులతో (అవే నా మౌంట్) స్కోప్ పెట్టాను. 10 మీటర్ల దగ్గర గురి సరిచేసుకున్నాక ఓ ముప్పై షాట్ల వరకు గ్రూప్ బాగానే వస్తుంది, అంటే పెల్లెట్లన్నీ దగ్గర దగ్గరగా పడతాయి, ఆ తర్వాత పెల్లెట్లు మెల్లగా చెదిరిపోతాయి. తీసి చూస్తే వెనక రింగు కంటి వైపు రెండు మిల్లీమీటర్లు జరిగి ఉంటుంది. ముందుకు తోసి మళ్లీ బిగిస్తాను, మళ్లీ అదే కథ. అలెన్ కీ వంగేంత బిగించాను, ఇంకా బిగిస్తే స్క్రూ తల అరిగిపోయేలా ఉంది. మూడు వారాలుగా ఇదే టెన్షన్. ఏం చేస్తే ఆగుతుంది?

జవాబు 1:
థ్రెడ్ లాకర్ (స్క్రూ మరల మీద వేసే జిగురు) వేయండి బ్రదర్, ఎర్రది. ఇక కదలదు.

జవాబు 2:
ఎర్రది వద్దండీ, దయచేసి. నేను ఒకసారి మౌంట్ స్క్రూలకి ఎర్ర థ్రెడ్ లాకర్ వేసి, ఆరు నెలల తర్వాత స్కోప్ తీయాల్సి వచ్చినప్పుడు రెండు స్క్రూల తలలు పాడుచేసుకున్నాను. అది విడవాలంటే 250 డిగ్రీల దాకా వేడి చేయాలి. అంత వేడి పక్కనే ఉన్న స్కోప్‌కి తగిలితే సీళ్లు ఏమవుతాయో ఆలోచించండి. చిన్న స్క్రూలకి ఊదా రంగుది, అంటే లాక్‌టైట్ 222 లాంటిది చాలు. గాడిని పట్టే కాస్త పెద్ద క్లాంప్ స్క్రూలకి నీలం, 242 గానీ 243 గానీ. అది కూడా ఒక చిన్న చుక్క, మరల మీద మాత్రమే.

అసలు సంగతి ఏమిటంటే ఇక్కడ థ్రెడ్ లాకర్ మీ సమస్యని తీర్చదు. మీ స్క్రూ వదులవడం లేదు కదా, బిగుతుగానే ఉంది, అయినా మౌంట్ మొత్తం గాడి మీద జారుతోంది. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. స్క్రూ తిరిగిపోకుండా థ్రెడ్ లాకర్ ఆపుతుంది, మౌంట్ జారకుండా ఆపేది మాత్రం అడ్డుగా నిలబడే ఇనుప ముక్క ఒకటే.

ఎందుకు జారుతుందో చెప్తాను, అది తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ పిస్టన్‌ని ముందుకు తోస్తుంది, దాంతో రైఫిల్ వెనక్కి కదులుతుంది. ఇది మెత్తటి దెబ్బ. ఆ వెంటనే పిస్టన్ సిలిండర్ చివర నొక్కుకుపోయిన గాలికి తగిలి ఒక్కసారిగా ఆగుతుంది, అప్పుడు రైఫిల్ ముందుకు ఎగదన్నుతుంది. ఈ రెండోదే గట్టి దెబ్బ. రైఫిల్ గభాల్న ముందుకు పోతే పైన ఉన్న స్కోప్ తన బరువుతో ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అంటే రైఫిల్‌తో పోలిస్తే వెనక్కి జారుతుంది. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టే. అందుకే మీ రింగు కంటి వైపే వస్తోంది. ప్రతి షాట్‌కీ ఆ దెబ్బ పడుతూ ఉంటే, నున్నటి గాడిని రెండు పక్కల నుంచి పట్టుకున్న రాపిడి ఎన్నాళ్లు ఆపుతుంది?

మీ రైఫిల్ గాడి వెనక భాగంలో పైన ఒకటి రెండు చిన్న గుంటలు ఉన్నాయేమో చూడండి. కొన్నిటికి అవి ఉంటాయి, చాలామంది అవి దేనికో తెలియక వదిలేస్తారు. స్టాప్ పిన్, అంటే మౌంట్ కింద నుంచి దిగి అడ్డుగా నిలబడే చిన్న కడ్డీ, కూర్చోవడానికే ఆ గుంటలు.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ, మూడు గుంటలు ఉన్నాయి! ఇన్నాళ్లూ అవి ఏదో తయారీలో మిగిలిపోయినవి అనుకున్నాను. కానీ నా రింగులకి పిన్ లేదు. గుంటలు లేని రైఫిల్‌కి డ్రిల్ వేసుకోవచ్చా? నా ఫ్రెండ్‌ది అలాంటిదే ఉంది.

జవాబు 2:
మీ ఫ్రెండ్‌కి ముందు ఇది చెప్పండి: డ్రిల్ ముట్టుకోవద్దని. ఆ గాడి చెక్కి ఉన్న గొట్టం లోపలే పిస్టన్ పరిగెత్తుతుంది. గోడ ఎంత మందమో పైనుంచి తెలియదు, బిట్ లోపలికి దిగితే పిస్టన్ సీల్ చిరిగిపోతుంది, గొట్టం ఎందుకూ పనికిరాదు. గుంటలు లేని రైఫిల్‌కి మౌంట్ వెనక విడిగా బిగించే స్టాప్ బ్లాక్ దొరుకుతుంది. మౌంట్‌ని దానికి ఆనించి కూర్చోబెడితే, జారాలంటే రెండూ కలిసి జారాలి. పిన్ అంత గట్టిది కాదు గానీ మామూలు శక్తి ఉన్న రైఫిల్‌కి సరిపోతుంది.

మీకైతే పిన్ ఉన్న ఒకే ముక్క మౌంట్ తీసుకోండి. విడి రింగుల్లో ఒకదానికే పిన్ ఉంటే, ఆగేది ఆ ఒక్క రింగే, రెండోది స్కోప్ గొట్టాన్ని పట్టుకుని లాగుతూ ఉంటుంది. ఒకే ముక్క అయితే గాడిని పట్టుకునే పొడవు ఎక్కువ, రెండు రింగులూ ఒకే వరుసలో ఉంటాయి, స్కోప్ గొట్టం మెలిపడదు. కొనే ముందు మీ స్కోప్ గొట్టం 25.4 మి.మీ.దా 30 మి.మీ.దా అన్నది కొలుచుకోండి.

పని మొదలుపెట్టే ముందు పెల్లెట్ లేదని, స్ప్రింగ్ కాక్ అయి లేదని చూసుకోండి. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి చూసుకోవద్దు, పిస్టన్ ముందు గాలి అడ్డు సరిగా లేక నేరుగా గోడకి కొట్టుకుంటుంది.

గాడినీ, దాన్ని పట్టుకునే మౌంట్ దవడల లోపలి వైపునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఫ్యాక్టరీలో పూసిన నూనె అక్కడ ఉంటుంది, అది ఉన్నంతసేపు ఎంత బిగించినా జారుడుబండే. పిన్‌ని గుంటలోకి దించేటప్పుడు తొందరపడకండి: అది గుంట అడుగుని గట్టిగా తన్నిపెడితే మౌంట్ ఒక పక్క పైకి లేస్తుంది, దవడలు గాడిలో పూర్తిగా కూర్చోవు. అడుగు తగిలాక కాస్త వెనక్కి తిప్పండి. తర్వాత మౌంట్‌ని చేత్తో వెనక్కి, అంటే కంటి వైపుకి తోసి, పిన్ గుంట వెనక గోడకి ఆనిందని తెలిశాకే క్లాంప్ స్క్రూలు బిగించండి. ఇది మర్చిపోతే మౌంట్ ఆ కొద్దిపాటి ఖాళీలో జారి ఆనేదాకా గురి మారుతూనే ఉంటుంది, పిన్ పెట్టినా లాభం లేదనిపిస్తుంది.

జవాబు 3:
మంచి మాట చెప్పారు. నా రైఫిల్‌కి గాడి కాదు, అడ్డంగా గీతలు కోసిన పికాటిని పట్టా ఉంది, దానికీ ఇదే సూత్రం. పికాటిని గీత వెడల్పు 5.23 మి.మీ., అలాంటిదే ఇంకో రకం పట్టా వీవర్‌ది దాదాపు 4.57. వీవర్ మౌంట్ అడ్డకడ్డీ పికాటిని గీతలో కూర్చుంటుంది గానీ అర మిల్లీమీటరుకి పైగా ఖాళీ ఉంటుంది. అందుకే కడ్డీని గీత వెనక అంచుకి ఆనించి బిగించాలి. మామూలు తుపాకీ వాడేవాళ్లు ముందుకి తోసి బిగించమని చెప్తారు, వాళ్లకి దెబ్బ ఒకే వైపు కాబట్టి అది వాళ్లకి సరే. స్ప్రింగ్ రైఫిల్‌కి అదే సలహా పాటిస్తే తిరగబడుతుంది.

ఇంకొకటి, స్కోప్ స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కోసం చేసినదేనా? ఒక వైపు దెబ్బకి మాత్రమే లెన్సులు బిగించిన స్కోపులు ఈ రెండో దెబ్బకి లోపలే వదులైపోతాయి. అప్పుడు మౌంట్ ఎంత కదలకున్నా గ్రూప్ రాదు.

ప్రశ్న అడిగినవారు:
డబ్బా మీద ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని ఉందండీ. ఒకే ముక్క మౌంట్ తెప్పించాను, పిన్ కూడా ఉంది. రింగు స్క్రూలు ఎంత బిగించాలి? ఇంతకుముందు బలం కొద్దీ బిగించాను, స్కోప్ గొట్టం మీద రింగు అచ్చు పడింది.

జవాబు 2:
ఆ అచ్చు అతిగా బిగించడం వల్లనే. అల్యూమినియం గొట్టం అది, నొక్కితే లోపల కదలాల్సిన భాగాలు కూడా పట్టేస్తాయి. రింగు పై స్క్రూలు సాధారణంగా 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్ల మధ్య బిగిస్తారు. మీ మౌంట్ కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి, కింది క్లాంప్ స్క్రూలకి కూడా అందులో ఉన్నదే. ఈ అంకెలు సాధారణంగా పొడి మరలకి చెప్పినవి. థ్రెడ్ లాకర్ తడిగా ఉన్నప్పుడు నూనెలాగే జారుతుంది కాబట్టి అదే అంకెకి స్క్రూ ఇంకా ఎక్కువ బిగుస్తుంది, అందుకని కాస్త తక్కువలో ఆపండి. చిన్న టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచే పానా) దొరికితే కొనుక్కోండి, అది లేకపోతే అలెన్ కీ పొట్టి వైపు రెండు వేళ్లతో పట్టుకుని బిగించండి, పొడుగు వైపు పట్టుకుంటేనే చెయ్యి అదుపు తప్పేది.

నాలుగు స్క్రూలనీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా తిప్పుతూ పోవాలి, రింగు రెండు పక్కలా సందు సమానంగా కనిపించాలి. థ్రెడ్ లాకర్ వేస్తే పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు వదిలేయండి, ఆ రోజు కాల్చకండి. అది ప్లాస్టిక్ భాగాల మీద పడకుండా చూసుకోండి, కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి పగులుతుంది.

చివరగా సన్నటి తెల్ల పెయింట్ పెన్‌తో రెండు గీతలు గీయండి. ఒకటి గాడి నుంచి మౌంట్ మీదకి, ఇంకొకటి రింగు నుంచి స్కోప్ గొట్టం మీదకి. ఈ రెండోది చాలామంది గీయరు, మౌంట్ ఆగాక గొట్టమే రింగుల్లో జారడం మొదలైతే ఎక్కడ పోతోందో తెలియక తల పట్టుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, నిన్నటికి 200 షాట్లు అయ్యాయి. రెండు గీతలూ వెంట్రుకంత కూడా కదల్లేదు! గ్రూప్ కూడా ముందుకంటే బాగుంది. కానీ అప్పుడప్పుడు ఒకటి రెండు మాత్రం పైకో కిందకో వెళ్తున్నాయి. స్కోప్ పై నాబ్ దాదాపు చివరిదాకా తిప్పితే గానీ గురి కుదరలేదు, దానివల్లనా?

జవాబు 2:
చాలా సంతోషం. అవును, చాలావరకు దానివల్లే. మడిచే బారెల్ కొద్దిగా కిందకి చూస్తూ ఉండటం మామూలే, దాన్ని సరిచేయడానికి నాబ్‌ని చివరిదాకా తిప్పితే లోపలి స్ప్రింగ్ సాగిపోయి పట్టు తగ్గుతుంది, ప్రతి దెబ్బకీ గురి కొద్దిగా ఊగుతుంది. వెనక వైపు ఎత్తుగా చేసిన మౌంట్లు దొరుకుతాయి, బారెల్ వాలుకి సరిపడా. అది మార్చేలోపు మాత్రం స్టాక్ స్క్రూలు బిగుతుగా ఉన్నాయా, బారెల్ మూసినప్పుడు జాయింట్ పక్కకి ఆడుతోందా అని చూడండి. బారెల్ జాయింట్ చూసేటప్పుడు స్ప్రింగ్ కాక్ చేసి ఉంచకండి, బారెల్ జారి మూసుకుంటే వేళ్లు పోతాయి.