టూవీల్ డ్రైవ్ ఎఫ్-150ని ఇంట్లోనే ఫోర్‌వీల్ డ్రైవ్‌గా మార్చుకోవచ్చా?

ప్రశ్న – మిషిగన్ నుంచి

అందరికీ నమస్కారం. డల్లాస్‌లో ఉన్నప్పుడు కొన్న 1994 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ నా దగ్గర ఉంది. 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు, వెనక చక్రాలకు మాత్రమే డ్రైవ్. ఉద్యోగరీత్యా మిషిగన్ వచ్చాక, మంచు పడితే చాలు, మా ఇంటికి వచ్చే మట్టిరోడ్డు ఎత్తు ఎక్కలేక చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. ఇక్కడ నేను చూసిన ఆ కాలపు ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్ల ఛాసిస్‌లు, రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల తుప్పుపట్టి చేత్తో పొడిస్తే రాలిపోయే స్థితిలో ఉన్నాయి. నా బండి ఇన్నాళ్లూ టెక్సస్‌లోనే తిరిగింది కాబట్టి ఛాసిస్ గట్టిగా ఉంది. దీన్ని వదులుకోవడానికి మనసు ఒప్పడం లేదు. గ్యారేజీలో ఇంజిన్ హోయిస్టు, వెల్డింగ్ మెషిను ఉన్నాయి. ఏయే భాగాలు మార్చాలో, ఎక్కడ పని ఆగిపోయే ప్రమాదం ఉందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – ఒహాయో నుంచి

మీ బండి విషయంలో ఇది చేయదగిన పనే. 1973 నుంచి 1987 వరకు వచ్చిన షెవర్లే పికప్‌లలో టూవీల్ బండికి ముందువైపు కాయిల్ స్ప్రింగులతో విడివిడి సస్పెన్షను, ఫోర్‌వీల్ బండికి ఆకు స్ప్రింగుల మీద ఒకే ఇరుసు ఉండేవి కాబట్టి ముందు భాగమంతా కోసి కట్టుకోవాల్సి వచ్చేది. ఫోర్డ్ అలా చేయలేదు. మీ బండికి ముందు ఉన్నది ట్విన్ ఐ-బీమ్, అంటే ఒక్కో ముందు చక్రానికి ఒక్కో ఉక్కు దూలం. 1980 నుంచి 1996 వరకు వచ్చిన ఫోర్‌వీల్ ఎఫ్-150కి ఉన్నది దాదాపు అదే పద్ధతిలో పనిచేసే ట్విన్ ట్రాక్షన్ బీమ్. రెండింటిలోనూ కాయిల్ స్ప్రింగులూ రేడియస్ ఆర్ములూ ఉంటాయి. తేడా ఏమిటంటే, డ్రైవరు వైపు బీములో డానా 44 రకం డిఫరెన్షియల్ (రెండు వైపుల చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) ఇమిడి ఉంటుంది.

అయితే భాగాలు ఒక్కొక్కటిగా కొనుక్కుంటూ పోవద్దు. ఛాసిస్ తుప్పుపట్టినా యంత్రభాగాలు బాగున్న ఫోర్‌వీల్ ఎఫ్-150 ఒకటి పూర్తిగా కొని, పక్కన పెట్టుకొని విప్పండి. ముందు బీములు, స్ప్రింగులు, స్టీరింగ్ లింకేజీ, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిను శక్తిని ముందు ఇరుసుకు కూడా పంపే పెట్టె), దాని లీవరు, రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు, గేర్‌బాక్సు కింది క్రాస్‌మెంబరు (ఛాసిస్ రెండు వైపులనూ కలిపే అడ్డదూలం), చివరికి బ్రాకెట్లు, బోల్టులతో సహా అన్నీ అందులోంచే వస్తాయి. ఇలాంటి పనులు సగంలో ఆగిపోవడానికి కారణం పెద్ద భాగాలు కాదు, ఎక్కడా విడిగా దొరకని చిన్న బ్రాకెట్లు.

కష్టమంతా ఇంజిను కింది క్రాస్‌మెంబరు దగ్గర ఉంది. బీములు వేలాడే చోటు ఫోర్‌వీల్ బండికి వేరు. ఆ క్రాస్‌మెంబరు ఛాసిస్‌కు రివెట్లతో బిగించి ఉంటుంది. ఇంజిను బరువును పైనుంచి హోయిస్టుతో పట్టి ఉంచి, ఒక్కో రివెట్టు తలను గ్రైండరుతో చెక్కేసి, మధ్యలో డ్రిల్లు వేసి, పంచ్ పెట్టి సుత్తితో బయటికి కొట్టాలి. తిరిగి బిగించేటప్పుడు రంధ్రానికి సరిగ్గా సరిపోయే గ్రేడ్ 8 (ఎక్కువ బలం గల) బోల్టులు వాడండి. వదులుగా ఉన్న బోల్టు కొన్నాళ్లకు రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి అరగదీస్తుంది. ఛాసిస్ కింద జాక్ స్టాండ్లు పెట్టకుండా కేవలం జాకీ మీద నమ్మకంతో బండి కిందికి దూరవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను.

మీ గేర్‌బాక్సును ఉంచుకొని వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ తగిలించవచ్చు కదా అనిపిస్తుంది. కానీ టూవీల్ గేర్‌బాక్సు అవుట్‌పుట్ షాఫ్టు వేరు. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు మొత్తం విప్పాలి. 4.9 సిక్స్‌కూ 5.0, 5.8 వీ8 ఇంజిన్లకూ వెనక బోల్టుల అమరిక ఒకటే కాబట్టి, వీ8 బండి నుంచి వచ్చిన మాన్యువల్ గేర్‌బాక్సు కూడా మీకు పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు చూడవలసింది ఇరుసుల గేర్ రేషియో, అంటే చక్రం ఒకసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె. మీ డ్రైవరు తలుపు దగ్గరి లేబులు మీద వెనక ఇరుసు కోడ్ ఉంటుంది. వెనక 3.55, ముందు 3.54 అయితే ఏ ఇబ్బందీ లేదు, ఫోర్డ్ కంపెనీ కూడా అలాగే అమర్చింది. వెనక 3.08, ముందు 3.54 అయితే, ఫోర్‌వీల్ వేయగానే ముందు వెనక ఇరుసులు సుమారు 15 శాతం తేడాతో ఒకదానితో ఒకటి పెనుగులాడి, ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని గొలుసు దెబ్బతింటుంది. రేషియోలు కలిసినా ఇది పార్ట్‌టైమ్ వ్యవస్థే. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి పొడి తారురోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి మలుపులు తిప్పకూడదు.

స్పీడోమీటరు గురించి బెంగ అక్కర్లేదు. 1992 తర్వాతి బండ్లలో అది వెనక ఇరుసులోని సెన్సరు నుంచే వేగాన్ని తీసుకుంటుంది.

జవాబు – మిన్నెసోటా నుంచి

పైన చెప్పినదంతా నిజమే, కానీ మీ అవసరం ఇంటి ముందున్న ఒక్క ఎత్తు మాత్రమే అయితే ముందుగా నాలుగు చక్రాలకూ మంచి వింటర్ టైర్లు వేయించండి. ఖాళీ పికప్‌కు వెనక బరువు ఉండదు; ఇసుక బస్తాలు సరిగ్గా వెనక ఇరుసు మీదికి వచ్చేలా పేర్చి, జరగకుండా కట్టండి. వెనక ఇరుసులో లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే ఏర్పాటు) లేకపోతే అది వేయించడం మీరు తలపెట్టిన పనిలో పదోవంతు శ్రమ కూడా కాదు. ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని ముందుకు కదిలిస్తుందే గాని, మంచు మీద ఆపడంలో పెద్దగా సాయపడదు, ఆపేవి టైర్లే.

జవాబు – విశాఖపట్నం నుంచి

ఇది చదివి మన మన్యం రోడ్ల కోసం టూవీల్ బొలెరో క్యాంపర్‌ను ఇలా మార్చాలనుకునే మిత్రులకు ఒక మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని స్పష్టం చేసింది. ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకూ చిక్కు రావచ్చు. క్యాంపర్‌లో కంపెనీ నుంచే ఫోర్‌వీల్ రకం వస్తుంది కాబట్టి, ఉన్నది అమ్మి అది కొనుక్కోవడమే మేలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తలుపు లేబులు ప్రకారం నా వెనక ఇరుసు 3.55. టైర్లు ఈ చలికాలమే వేయిస్తాను. దగ్గర్లో 1993 ఫోర్డ్ బ్రాంకో ఒకటి అమ్మకానికి ఉంది, దాని భాగాలు సరిపోతాయా?

జవాబు – ఒహాయో నుంచి

ముందువైపంతా సరిపోతుంది, ఆ బ్రాంకోకు ఉన్నది అదే డానా 44 ట్విన్ ట్రాక్షన్ బీమ్. బ్రాంకో 2 అయితే మాత్రం ముట్టుకోవద్దు, అది ఫోర్డ్ చిన్న పికప్ రేంజర్ కొలతలతో కట్టిన చిన్న బండి. బ్రాంకో వీల్‌బేస్ మీ పికప్ కన్నా పొట్టిది కనుక వెనక ప్రొపెల్లర్ షాఫ్టు పనికిరాదు. ట్రాన్స్‌ఫర్ కేస్ బిగించి, బండిని చక్రాల మీద దించిన తర్వాత కొలత తీసుకొని చేయించుకోండి. గేర్‌బాక్సు మాన్యువలో ఆటోమేటికో అడిగి తెలుసుకోండి. ఈ4ఓడీ ఆటోమేటిక్ అయితే దానికి కంప్యూటరూ వైరింగూ కూడా మార్చాల్సి వస్తుంది, కాబట్టి అప్పుడు ముందు బీముల వరకే ఆ బండిని వాడుకొని, మాన్యువల్ గేర్‌బాక్సును, దానికి తగిన ట్రాన్స్‌ఫర్ కేస్‌ను వేరేచోట వెతకండి.