మొదటి నంబరు మీదైతే రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టొచ్చా?

పెద్దకూతురు:
అమ్మ ఐసీయూలో ఉంది. ఫైల్లో మొదటి నంబరు నాది. రాత్రిళ్ళు లోపల ఎవరినీ ఉండనివ్వడం లేదు, ఇంటికి వచ్చేస్తున్నాం. నంబరు ఇచ్చిన మనిషి ఫోన్ పక్కన పెట్టకూడదు, నిద్ర సంగతి తర్వాత చూసుకోవచ్చు అని తమ్ముడి వాదన. మా ఆయన మాత్రం రాత్రికొకరు చొప్పున వంతులు వేసుకోండి, మిగతావాళ్ళు ఫోన్ ఆపేసి పడుకోండి అంటున్నారు. ఇంట్లో రోజూ దీని మీదే వాదన. మీరైతే ఏం చేస్తారు?

తూర్పుగాలి:
నేను మీ తమ్ముడితోనే ఉంటాను. మన ఇంట్లో వేసుకున్న వంతులు ఆసుపత్రివాళ్ళకి తెలియవు. ఫైల్లో ఏ నంబరు ముందుంటే దానికే చేస్తారు. సోమవారం అక్క, మంగళవారం తమ్ముడు అని మనం అనుకున్నాం సరే, అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకి ఆ మాట ఎవరు చెప్తారు?

వంతుల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. వాడు ఎత్తుతాడులే అని ఒకరు, ఆవిడ ఉందిగా అని ఇంకొకరు అనుకుంటారు. చివరికి రింగ్ అయ్యీ అయ్యీ ఆగిపోతుంది. కొన్నాళ్ళు నిద్ర పోతే పోయింది. ఆ టైములో ఫోన్ ఎత్తలేదన్న బాధ మాత్రం మనిషిని వదలదు.

నైట్‌డ్యూటీ నర్సు:
ఫోన్ చేసేవాళ్ళ వైపు నుంచి చెప్తాను. రాత్రి ఆసుపత్రి నుంచి ఫోన్ అంటే చెడువార్తే అనుకుని ఇంట్లోవాళ్ళు వణికిపోతారు. నేను చేసే ఫోన్లలో చాలావరకు అలాంటివి కావు. రక్తం పలచబడే మందు ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు? ఏ మందులు పడవు? ఇంతకుముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా? వేరే వార్డుకి మారుస్తున్నాం, రేపు ఫలానా ప్రొసీజర్ చేయాలనుకుంటున్నారు. ఇలాంటివే.

ప్రాణం మీదికి వచ్చి, రోగి మాట్లాడే స్థితిలో లేకపోతే, ఇంటివాళ్ళు దొరకలేదని చికిత్స ఆపి కూర్చోరు. చేయాల్సింది చేస్తూనే ఉంటారు, ఒకరు ఫోన్ చేస్తుంటారు. మొదటి నంబరు ఎత్తకపోతే రెండోదానికి చేస్తాం, ఏ టైములో చేశామో ఫైల్లో రాస్తాం, మళ్ళీ ప్రయత్నిస్తాం. కాబట్టి ఒక్క కాల్ మిస్సయితే అమ్మకి వైద్యం ఆగిపోతుందన్న భయం వద్దు. కొన్ని గంటలు ఆగగలిగే నిర్ణయాలు మాత్రం ఆలస్యమవుతాయి. అదీ చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను.

నన్నడిగితే, ఫోన్ ఎత్తనివాళ్ళ కంటే ఎత్తి కూడా ఏమీ చెప్పలేనివాళ్ళతోనే మాకు ఎక్కువ ఇబ్బంది. 'మందుల సంగతి అక్కకి తెలుసు, తను పడుకుంది' అంటారు. మందుల పేర్లు, డోసులు, పడనివి, పాత జబ్బులు ఒక కాగితం మీద రాసి ఫోటో తీయండి. ఆ ఫోటో ఇంట్లో ప్రతి ఫోన్లోనూ ఉండాలి.

దూరపు చుట్టం:
తూర్పుగాలి గారూ, నిద్ర పోతే పోయింది అన్నారు చూడండి, అక్కడే నాకు అభ్యంతరం. డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 17 గంటలు మేలుకుని ఉన్నవాళ్ళ చేయీ కన్నూ కలిసి చేసే పని, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పుడు ఎంత దిగజారుతుందో అంత దిగజారింది. 24 గంటలకి అది దాదాపు 0.10 శాతంతో సమానమైంది. చాలా దేశాల్లో ఆ స్థితిలో బండి నడపనివ్వరు. అలాంటి స్థితిలో ఉన్న మనిషిని పట్టుకుని వెంటిలేటర్ గురించి అడిగితే ఏం చెప్పగలదు? ఉదయం రౌండ్స్‌లో డాక్టరు చెప్పేది సగం కూడా బుర్రకెక్కదు. అడగాలనుకున్న ప్రశ్న నోటికి రాదు. ఆ తర్వాత బండి తీసుకుని ఇంటికి బయల్దేరుతుంది.

ఐసీయూ ఒక రాత్రితో అయిపోయేది కాదు, వారాలు పట్టొచ్చు. మనవాళ్ళు ఐసీయూలో ఉన్నప్పుడు ఇంటివాళ్ళకి మొదలైన ఆందోళన, నిద్రలేమి, డిప్రెషన్ తర్వాత నెలల తరబడి ఉండిపోవడం వైద్యులకి బాగా తెలిసిన విషయమే. దానికి పిక్స్-ఎఫ్ అని పేరు కూడా పెట్టారు. బాధ్యత అంతా ఒక్క మనిషి మీద పడేస్తే అమ్మ ఇంటికొచ్చే సరికి ఆ మనిషి మంచం పడుతుంది. పెద్దకూతురు గారూ, నాది మీ ఆయన పక్షం.

తూర్పుగాలి:
నిద్ర గురించి మీరు చెప్పింది కాదనను. కానీ దానికోసం ఫోన్ ఆపేయాలా? రింగ్ పెట్టుకుని కూడా పడుకోవచ్చుగా. రాత్రంతా మేలుకునేలా చేసేది ఆసుపత్రి ఫోన్ కాదు. 'ఇప్పుడెలా ఉంది' అని గ్రూపుల్లో వచ్చే మెసేజ్‌లు, ప్రతి టింగుకీ లేచి చూడటం.

చిన్నోడు:
అవును, గ్రూపుల్ని మ్యూట్ చేయండి, కాల్స్ మాత్రం మోగనివ్వండి. చాలామంది దీనికి ఉల్టా చేస్తారు. డూ నాట్ డిస్టర్బ్ ఆన్ చేసి, ఆసుపత్రి నంబరుకి మినహాయింపు ఇచ్చి, ఇక ఫరవాలేదు అనుకుంటారు. ఆసుపత్రి నుంచి కాల్ మనం సేవ్ చేసుకున్న నంబరు నుంచే వస్తుందన్న గ్యారంటీ లేదు. వార్డు లైను నుంచి రావచ్చు, స్విచ్‌బోర్డు నుంచి రావచ్చు, కొన్నిసార్లు నంబరే కనపడకుండా రావచ్చు. ఐఫోన్‌లో తెలియని నంబర్లని మోగనివ్వని సెట్టింగు ఒకటుంది, 2019లో ఐఓఎస్ 13తో వచ్చింది. అది ఆన్‌లో ఉందని కూడా చాలామందికి గుర్తుండదు. స్పామ్ కాల్స్ ఆపే యాప్‌లదీ ఇదే కథ. అమ్మ ఇంటికి వచ్చేదాకా అవన్నీ ఆపేయండి. పనికిరాని కాల్స్ నాలుగు ఎక్కువ వస్తాయి, రానివ్వండి.

అదే నంబరు నుంచి రెండోసారి కాల్ వస్తే డూ నాట్ డిస్టర్బ్‌లో కూడా మోగే ఏర్పాటు ఉంది కదా అని ఎవరైనా అంటారేమో. నిజమే, ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు మళ్ళీ వస్తే మోగుతుంది. కానీ నర్సు గారు పైన చెప్పింది చూడండి. మొదటి నంబరు ఎత్తకపోతే వాళ్ళు వెంటనే మళ్ళీ దానికే చేయరు, రెండో నంబరుకి వెళ్తారు. దాని మీద ఆధారపడొద్దు.

ఇక వంతుల సంగతి. ఫైల్లో నంబరు ఒక్కటే ఉండాలి, మనుషులు మారాలి అంటే కాల్ ఫార్వర్డింగ్ ఉంది. అక్క వంతు కాని రాత్రి తన నంబరుకి వచ్చే కాల్స్‌ని తమ్ముడి ఫోన్‌కి మళ్ళించొచ్చు. లేదా ఎత్తకపోతేనే మళ్ళేలా పెట్టొచ్చు. చాలా ఫోన్లలో కాల్ సెట్టింగుల్లోనే ఉంటుంది. పెట్టాక ఇంకో ఫోన్ నుంచి చేసి చూడటం మర్చిపోవద్దు. ఉదయం తీసేయాలి కూడా. ఇంట్లో సిగ్నల్ బాగా లేకపోతే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. వాట్సాప్ కాల్ వస్తుందిలే అనుకోవద్దు, ఆసుపత్రి ల్యాండ్‌లైన్ నుంచి వాట్సాప్ రాదు.

పెద్దకూతురు:
ఫార్వర్డింగ్ ఆలోచన బాగుంది. ఒక సందేహం. తమ్ముడు ఎత్తినప్పుడు ఏదైనా ప్రొసీజర్‌కి ఒప్పుకుంటారా అని అడిగితే వాడు సరే అనొచ్చా? మొదటి నంబరు నాదని ఆ నిర్ణయం కూడా నాదేనా?

నైట్‌డ్యూటీ నర్సు:
అడగాల్సిన ప్రశ్న అడిగారు. ఎమర్జెన్సీ కాంటాక్ట్ అంటే కబురు అందుకునే మనిషి. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే ఎవరి మాట చెల్లుతుంది అన్నది అక్కడి చట్టాన్ని బట్టి, రోగి ముందే రాసిచ్చిన పత్రం ఉంటే దాన్ని బట్టి ఉంటుంది. ఆ ఇద్దరూ ఒకరే కావాలని లేదు. పగలే డాక్టరుని అడిగి ఫైల్లో రాయించండి. తమ్ముడికి ఆ అధికారం లేకపోతే, అతను చేయాల్సింది ఎవరికుందో వాళ్ళని లేపడం. ఆ ఒక్క ఫోన్ ఇంట్లో ఎప్పుడూ మోగేలా ఉండాలి.

కొన్ని ఐసీయూల్లో ఫోన్‌లో వివరాలు చెప్పడానికి కుటుంబానికి ఒక పాస్‌వర్డ్ ఇస్తారు. మీ దగ్గర ఉంటే అది తమ్ముడికీ చెప్పండి. ఆసుపత్రి నుంచి అంటూ ఎవరైనా డబ్బు పంపమంటే మాత్రం ఫోన్ పెట్టేసి, వార్డుకి మీరే చేసి కనుక్కోండి.

దూరపు చుట్టం:
ఇలాగైతే నాకు అభ్యంతరం లేదు. వంతు లేని మనిషి మాత్రం నిజంగా పడుకోవాలి, ఫోన్ వేరే గదిలో పెట్టి. తలగడ కింద పెట్టుకుంటే అది వంతు కాదు.

తూర్పుగాలి:
నేనూ చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. ఈ రాత్రి కష్టం అని డాక్టర్లు చెప్పిన రోజున వంతులు, ఫార్వర్డింగులు పెట్టుకోవద్దు. అందరి ఫోన్లూ మోగాలి. వీలైతే అక్కడే వరండాలో కూర్చోవాలి. ఆ రాత్రి కూడా పడుకోండి అంటే నేను వినను.

నైట్‌డ్యూటీ నర్సు:
ఆ విషయంలో మీతోనే ఉన్నాను. ఇంకొకటి, రాత్రి పరిస్థితి మారితే ఏ టైములోనైనా చెప్పమంటారా, లేక మరీ విషమిస్తేనే లేపమంటారా అని కొన్నిచోట్ల మేమే అడుగుతాం. అడగకపోతే మీరే చెప్పండి. కానీ సాయంత్రం ఎవరికో చెప్పి వెళ్ళిపోతే, షిఫ్ట్ మారాక వచ్చినవాళ్ళకి అది తెలియకపోవచ్చు. రాత్రి షిఫ్ట్ ఎన్నింటికి మొదలవుతుందో కనుక్కుని, వార్డుకి ఫోన్ చేసి ఆ రాత్రి వంతు ఎవరిదో, ఏ నంబరో చెప్పండి. రాసుకుంటాం.