కోయ పిల్లలు తెలుగు పాఠంలో నోరు విప్పడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తటీచర్:
ఏజెన్సీ బడి, రెండో తరగతి. 22 మందిలో 16 మంది కోయ, ఆరుగురు లంబాడీ. నాకు ఆ భాషలు రావు. గోడకు డోలు, కొమ్ముల బొమ్మలు అంటించాం, ఆదివాసీ దినోత్సవానికి డాన్సూ చేయించాం. పాఠం ఎత్తగానే మళ్లీ మౌనమే.

లెక్కలసారు:
టీచర్ గారూ, గోడ సంగతి వదిలేసి లెక్కలతో మొదలుపెట్టండి. అక్కడ మాట తక్కువ, చేత ఎక్కువ. ఇళ్ల నుంచి సోల, తవ్వ, మానిక తెమ్మని ఇసుక కొలిపించండి. 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక. మానికకు ఎన్ని సోలలో వాళ్లే చెబుతారు. లీటరు సీసా ఆ తర్వాతే. మానిక అంటే ఇన్ని మిల్లీలీటర్లని ముందే చెప్పేయకండి. ఒక్కో ఇంటి మానిక ఒక్కోలా పట్టొచ్చు, లీటరు ఎందుకు కావాల్సొచ్చిందో ఆ తేడాలోనే తెలుస్తుంది. ఇప్పపువ్వు మీద లెక్క ఇస్తే పచ్చిదా, ఎండిందా రాయండి. ఎండితే బరువు తగ్గుతుంది, రాయకపోతే పిల్లలే పట్టుకుంటారు!

అఆఇఈ:
వాక్యవాక్యానికీ అనువాదం చేయించొద్దు. వెనకాలే కోయ మాట వస్తుందని తెలిస్తే తెలుగు వినడం మానేస్తారు. 40 నిమిషాల పీరియడ్‌లో మొదటి 15 నిమిషాలు బొమ్మ చూపి వాళ్ల భాషలోనే మాట్లాడుకోనివ్వండి, ఐదో తరగతి పిల్లను ఒకరిని సాయానికి పెట్టుకోండి. అందులోంచి ఐదారు మాటలు తెలుగు లిపిలో బోర్డు మీద రాయండి. మిగతాదంతా తెలుగే. ఒకేలా వినపడే మాటలతో జాగ్రత్త: కోయలో ‘ఏరు’ అంటే నీళ్లు. ‘ఏరు దాటాడు’ అన్న వాక్యం దగ్గర పిల్లవాడు తికమకపడితే అది తప్పు కాదు, రెండర్థాలూ బోర్డుకెక్కించండి. ఖ, ఘ లాంటివి పలకడం లేదని దిద్దుతూ కూర్చోకండి (తెలుగిళ్లలో మాత్రం ఎంతమంది పలుకుతున్నారు?).

కొత్తటీచర్:
ఆ ఐదో తరగతి పిల్ల చదువు పోదా?

అఆఇఈ:
రోజూ ఒకరే అయితే పోతుంది. నలుగురిని వంతులేయండి.

సంతబడి:
లంబాడీ పిల్లలను ముగ్గురేసి కూర్చోబెట్టండి, ఒంటరిగా ఉంటే నోరు మెదపరు. కోయకు తెలుగుతో ఉన్న చుట్టరికం లంబాడీకి లేదు, అందుకని వాళ్లకు బొమ్మలు ఎక్కువ కావాలి. మామిడి పాఠానికి కాయ కోసి పంచేముందు ఊరి పెద్దలనడగండి, మార్క పండుం (కోయల కొత్త మామిడి పండుగ) అయ్యేదాకా కొన్ని ఇళ్లలో ముట్టరు. క్లాసులో పిల్లల భాష వాడితే హెచ్‌ఎం గారు అభ్యంతరపెడితే 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చూపించండి, వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 8 గిరిజన భాషల్లో బోధన మొదలైంది, కోయ, బంజారా (లంబాడీయే) అందులోవే. ఆ వాచకాల కోసం పాత బడుల బీరువాలు వెతికించండి.